ఎర్ర మ్యాపు, రైలు పట్టాలు: మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ సరిహద్దులు ఎలా గీశారు?

క్లుప్తంగా: 1918-23 మధ్య యూరప్‌లో సరిహద్దులు మారినప్పుడు మ్యాపులు జరిగినదాన్ని నమోదు చేసి ఊరుకోలేదు. బేరసారాల్లో సాక్ష్యంగా నిలబడ్డాయి, వాదనకు బలం ఇచ్చాయి. జనాన్ని లెక్కించేటప్పుడు ఏం అడిగారు, ఏ ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకున్నారు, ఎవరికి ఏ రంగు వేశారు అనే నిర్ణయాలు గీత కంటే ముందే జరిగిపోయాయి. చివరి మాట చాలాచోట్ల రైలు మార్గానిది అయింది. హంగరీ ఉదాహరణలో ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఈ వ్యాసం ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఒక మఫ్లర్ మీద వచ్చిన గొడవ

2022 నవంబర్‌లో హంగరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తూ మెడలో మఫ్లర్ వేసుకున్నారు. దాని మీద 1920కి ముందు నాటి ‘పెద్ద హంగరీ’ మ్యాపు ఉంది. అందులో ఇప్పటి రొమేనియా, స్లొవేకియా, సెర్బియా, క్రొయేషియా, ఆస్ట్రియా, ఉక్రెయిన్‌లకు చెందిన ప్రాంతాలు ఉన్నాయి. హంగరీ క్షమాపణ చెప్పాలని ఉక్రెయిన్ డిమాండ్ చేసింది, రొమేనియా అభ్యంతరం తెలిపింది. వందేళ్ల నాటి పటం ఒక బట్ట ముక్క మీద కనిపిస్తేనే పొరుగు దేశాలు ఎందుకు ఉలిక్కిపడ్డాయో బయటివాళ్లకు వెంటనే అర్థం కాదు. అర్థం కావాలంటే ఆ సరిహద్దులు ఎలా పుట్టాయో చూడాలి.

1920 జూన్ 4న వెర్సాయ్‌లోని ట్రియానాన్ భవనంలో కుదిరిన ఒప్పందంతో హంగరీ తన భూభాగంలో మూడింట రెండు వంతులు కోల్పోయింది. క్రొయేషియాను పక్కన పెట్టి లెక్కేస్తే సుమారు 2,83,000 చదరపు కిలోమీటర్ల దేశం 93,000కు తగ్గింది. 1910 లెక్కల ప్రకారం కోటీ 80 లక్షలు దాటిన జనాభాలో కొత్త హద్దుల లోపల మిగిలింది సుమారు 76 లక్షల మంది. బయట ఉండిపోయిన వాళ్లలో ఎక్కువమంది రొమేనియన్లు, స్లొవాకులు, సెర్బులు, జర్మన్లు. హంగేరియన్ మాట్లాడే 30 లక్షలకు పైగా జనం కూడా వాళ్లతో పాటే బయట ఉండిపోయారు. వివాదం అంతా ఈ చివరి అంకె గురించే.

భౌగోళిక శాస్త్రవేత్తలకు వచ్చిన కొత్త పని

పాత సామ్రాజ్యాల మధ్య సరిహద్దులు యుద్ధాల వల్ల, రాజవంశాల పెళ్లిళ్ల వల్ల మారేవి. ఓడినవాడు ఒక జిల్లానో కోటనో వదులుకునేవాడు. అక్కడ ఎవరు ఏ భాష మాట్లాడతారన్నది ఎవరికీ పట్టేది కాదు. 1918 జనవరిలో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ప్రకటించిన పద్నాలుగు సూత్రాలతో లెక్క మారింది. జాతుల నివాసాన్ని బట్టి హద్దులు ఉండాలన్న మాట బల్ల మీదకు వచ్చింది. ఎవరు ఎక్కడ ఉన్నారో ఒక్క చూపులో చూపించే సాధనం మ్యాపే. దాంతో శాంతి చర్చలకు భౌగోళిక శాస్త్రవేత్తలు అవసరమయ్యారు.

అమెరికా 1917లోనే ‘ఎంక్వైరీ’ పేరుతో ఒక నిపుణుల బృందాన్ని ఏర్పాటు చేసింది. న్యూయార్క్‌లోని అమెరికన్ జియోగ్రాఫికల్ సొసైటీ భవనమే దాని కార్యాలయం, ఆ సంస్థ డైరెక్టర్ ఐజయా బోమన్ అందులో కీలక వ్యక్తి. ఫ్రాన్స్ తరఫున ఎమ్మాన్యుయెల్ ద మార్తోన్, సెర్బియా తరఫున యొవాన్ స్వీయిచ్ ఉన్నారు. ముగ్గురూ పేరున్న పండితులే. స్వీయిచ్ యుద్ధానికి ముందు నుంచే బాల్కన్ ప్రాంతపు జాతుల పటాలు వేస్తూ వచ్చారు. వాటిలో మాసిడోనియా స్లావులను బల్గేరియన్లలో కలపకుండా విడి వర్గంగా చూపారు. బల్గేరియా ఆ ప్రాంతం తనదని అడుగుతున్న రోజుల్లో ఆ విడి రంగుకు ఉన్న విలువ చిన్నది కాదు.

మ్యాపు అన్న పేరు ఉంటే చాలు, అది నమ్మదగ్గదిగా కనిపించేదని, వక్రీకరించిన మ్యాపు మునిగిపోతున్న ఎన్నో వాదనలను ఒడ్డున పడేసిందని బోమనే తర్వాత రాశారు. ఆ గదుల్లో కూర్చుని పటాలు వేసిన మనిషే చెప్పాడు కాబట్టి ఈ మాటకు బరువు ఎక్కువ.

తెలెకి ఎర్ర మ్యాపు

హంగరీ ఓడిన దేశం. రొమేనియా, చెకొస్లొవేకియా ప్రతినిధులు 1919 ఫిబ్రవరికే పారిస్‌లో తమ కోరికలు వినిపించారు. హంగరీకి పిలుపు వచ్చి, ఆ బృందం తన మాట చెప్పుకునే సరికి 1920 జనవరి అయింది. అప్పటికే సరిహద్దు కమిటీలు తమ గీతలు గీసి, పెద్దల ఆమోదం కూడా తీసుకున్నాయి. ఈ ఆలస్యాన్ని గుర్తుంచుకుని చూస్తేనే ఎర్ర మ్యాపు కథ సరిగ్గా అర్థమవుతుంది.

కౌంట్ పాల్ తెలెకి భౌగోళిక శాస్త్రవేత్త, తర్వాత రెండుసార్లు ప్రధాని. 1918-19 చలికాలంలో ఆయన బృందం 1910 జనాభా లెక్కల ఆధారంగా ఒక పటం తయారుచేసింది. స్కేలు 1:10,00,000. హంగేరియన్ మాట్లాడేవారికి ముదురు ఎరుపు వేశారు. అందుకే దానికి ‘ఎర్ర మ్యాపు’ అన్న పేరు నిలిచిపోయింది.

దీనిలో కొత్తదనం రంగులో కంటే లెక్కలో ఉంది. మామూలు జాతుల పటంలో ఒక గ్రామంలో ఎవరు ఎక్కువ ఉంటే ఆ గ్రామ విస్తీర్ణం మొత్తానికీ వాళ్ల రంగు వేస్తారు. రెండు వందల మంది గొర్రెల కాపరులు ఉన్న కొండ గ్రామానికి వేల ఎకరాల అడవి ఉంటే ఆ అడవంతా వాళ్ల రంగే. పక్కనే యాభై వేల మంది ఉన్న పట్నం చిన్న చుక్కగా మిగులుతుంది. తెలెకి దీన్ని తిరగేశారు. పటం మీద ప్రతి చదరపు మిల్లీమీటరు రంగుకు వంద మంది మనుషులు. జనం పలచగా ఉన్న కొండలు, అడవులను తెల్లగా వదిలేసి, అక్కడి మనుషుల లెక్కను దగ్గర్లోని జనావాసాల రంగులో కలిపారు.

ఏ రంగు ఎంత ఉందో కొలిస్తే జనాభా నిష్పత్తి సరిపోతుంది. ఆ కోణంలో అది నిజాయితీ ఉన్న పద్ధతే, ఇప్పటి పటాల నిపుణులు కూడా మెచ్చుకునేదే. అయితే కంటికి కనిపించే తీరు వేరు. పాత హంగరీకి తూర్పున ఉన్న, ఇప్పుడు రొమేనియాలో భాగమైన ట్రాన్సిల్వేనియా కొండల్లో చెదురుగా బతికే రొమేనియన్ల నేల చాలావరకు తెల్లగా, ఎవరిదీ కానట్టు అనిపిస్తుంది. పట్నాల్లో, మైదానంలో దట్టంగా ఉన్న హంగేరియన్లు ఎర్రగా మెరుస్తారు, బుడాపెస్ట్ అయితే పెద్ద ఎర్ర మచ్చ. మామూలు పటం కొండ ప్రజలవైపు మొగ్గితే ఇది పట్నాలవైపు మొగ్గింది. మొగ్గు లేని పటం ఆ బల్ల మీద ఒక్కటీ లేదు.

1920 జనవరి 16న హంగరీ బృందం నాయకుడు కౌంట్ ఆల్బర్ట్ అపోని విజేతల సుప్రీం కౌన్సిల్ ముందు మాట్లాడారు. ప్రసంగం అయ్యాక బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ హంగరీ బయట మిగిలిపోయే హంగేరియన్లు ఎందరు, ఎక్కడ ఉన్నారని అడిగారు. అపోని ఎర్ర మ్యాపు పరిచి చూపించారు. సరిహద్దుకు ఆనుకుని అవతల ఉన్న ఎర్రటి పట్టీలు అందరూ చూశారు. లాయిడ్ జార్జ్ తర్వాత ఈ విషయాన్ని మళ్లీ చర్చకు తేవాలని చూసినా గీత కదల్లేదు. ఒక గీతను తిరగదోడితే పక్కవన్నీ తిరగదోడాల్సి వస్తుంది. పైగా రొమేనియా, చెకొస్లొవేకియాల సైన్యాలు అప్పటికే ఆ నేల మీద ఉన్నాయి.

లెక్కల వాడు ఏం అడిగాడు?

రంగు వెనక అంకె ఉంది, అంకె వెనక ఒక ప్రశ్న ఉంది. ఆస్ట్రియా-హంగరీ ఒకే చక్రవర్తి కింద ఉన్నా రెండు భాగాల్లో రెండు ప్రశ్నలు అడిగారు. ఆస్ట్రియా వైపు ‘రోజూ వాడే భాష ఏది’ అన్నారు. దీంతో ఇంట్లో స్లొవీన్ మాట్లాడుతూ జర్మన్ యజమాని దగ్గర పనిచేసే కూలీ జర్మన్ ఖాతాలో పడే అవకాశం ఉంది. హంగరీ వైపు మాతృభాష అడిగారు గానీ, దాన్ని తల్లి నేర్పిన భాషగా నిర్వచించలేదు. మనిషి తనదిగా భావించి, బాగా, ఇష్టంగా మాట్లాడే భాష అన్నారు. హంగేరియన్ బడిలో చదివి పట్నంలో స్థిరపడ్డ స్లొవాక్ కుటుంబపు పిల్లవాడు ఈ ప్రశ్నకు హంగేరియన్ అని చెప్పవచ్చు. యిడ్డిష్ రెండు వైపులా విడి భాషగా లెక్కలోకి రాలేదు, యూదులు జర్మన్‌లోనో పోలిష్‌లోనో హంగేరియన్‌లోనో కలిసిపోయారు.

క్రొయేషియా కాకుండా మిగతా హంగరీలో హంగేరియన్ భాషీయుల వాటా 1880లో 46.6 శాతం, 1910లో 54.5 శాతం. ఈ పెరుగుదలలో పట్నాలకు వలస, చదువు, ఉద్యోగం కోసం మనస్ఫూర్తిగా భాష మారినవాళ్లు ఉన్నారు. ప్రభుత్వ ఒత్తిడి కూడా ఉంది. 1907లో మైనారిటీ బడుల్లో హంగేరియన్ బోధనను తప్పనిసరి చేసిన చట్టం తెచ్చిన విద్యామంత్రి ఈ ఆల్బర్ట్ అపోనియే. పదమూడేళ్ల తర్వాత అదే మనిషి 1910 అంకెలతో వేసిన పటం పట్టుకుని పారిస్‌లో నిలబడ్డప్పుడు అవతలివాళ్లు ఆ అంకెలనే అనుమానించడంలో ఆశ్చర్యం లేదు.

కొత్త దేశాల లెక్కలూ తక్కువ తినలేదు. ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న కోషిత్సె పట్నాన్నే తీసుకుంటే, 1910లో అక్కడ హంగేరియన్లు నాలుగింట మూడు వంతులు. చెకొస్లొవేకియా 1921లో జరిపిన లెక్కల్లో నాలుగో వంతు కూడా లేరు. పదకొండేళ్లలో ఊరి మనుషులంతా మారిపోలేదు. హంగేరియన్ ఉద్యోగులు చాలామంది వెళ్లిపోయారు, చెక్ ఉద్యోగులు వచ్చారు. కొత్త లెక్కలో భాషకు బదులు జాతీయత అడిగారు, యూదులు విడిగా రాయించుకునే వీలు కలిగింది. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఈసారి రెండోది చెప్పారు. అవే వీధులు, కానీ 1910 అంకెలతో వేస్తే ఒక రంగు, 1921 అంకెలతో వేస్తే ఇంకో రంగు.

రైలు మార్గం ఎటు పోతే గీత అటు

హంగరీ-రొమేనియా సరిహద్దు మీద సతు మారె, ఒరాడియా, అరాద్ పట్నాలు ఉత్తర దక్షిణాలుగా వరుసగా కనిపిస్తాయి. మూడూ రొమేనియాలోనే, గీతకు కాస్త తూర్పున. ఒరాడియాలో 1910 లెక్క ప్రకారం పదిమందిలో తొమ్మిదిమంది మాట్లాడేది హంగేరియన్. జాతి సూత్రం ప్రకారం ఆ పట్నం అటువైపు ఎందుకు పోయింది?

జవాబు పట్టాల్లో ఉంది. పాత హంగరీ రైల్వేలు బుడాపెస్ట్ నుంచి అన్ని దిక్కులకూ చక్రం ఆకుల్లా వ్యాపించేవి. వాటిని అడ్డంగా కలిపే మార్గాలు తక్కువ. మైదానం ఆగి కొండలు మొదలయ్యే చోట ఈ మూడు పట్నాల మీదుగా వెళ్లే మార్గం అలాంటిది. కొండల్లోంచి దిగే ప్రతి నదీ లోయ ఈ అంచున ఉన్న ఏదో ఒక పట్నం దగ్గరే మైదానంలోకి తెరుచుకుంటుంది. లోయ మనుషులు సంతకు వచ్చేది అక్కడికే, ఒక లోయ నుంచి ఇంకో లోయకు సరుకు పోవాలన్నా ఈ మార్గమే దిక్కు. ఈ లైను హంగరీలో ఉంచితే రొమేనియాకు దక్కే కొండ ప్రాంతం ముక్కలు ముక్కలుగా మిగులుతుందని ద మార్తోన్ వంటి నిపుణులు వాదించారు. దాన్ని రొమేనియాకు ఇస్తే లక్షలాది హంగేరియన్లు వెంట పోతారు. కమిటీ రెండోదే ఎంచుకుంది. కొత్త దేశం ఆర్థికంగా నిలబడాలి, సైన్యాన్ని కదిలించగలగాలి అన్న లెక్క భాష లెక్కను మించింది.

రెండో వైపు కూడా చెప్పాలి. యుద్ధంలోకి రప్పించడానికి 1916 ఆగస్టులో బుఖారెస్ట్‌లో రొమేనియాకు ఇచ్చిన రహస్య హామీలో గీత ఇంకా పడమటికి, తీసా నది దగ్గరిదాకా ఉంది. 1920 నాటి గీత దాంతో పోలిస్తే రొమేనియాకు తగ్గింపే. రొమేనియాకు దక్కిన మొత్తం ప్రాంతం చూస్తే 1910 లెక్కల్లోనే రొమేనియన్లు సగానికి పైగా, హంగేరియన్లు సుమారు మూడో వంతు. ఆ హంగేరియన్లలో పెద్ద సమూహమైన సేకెయ్‌లు ట్రాన్సిల్వేనియా తూర్పు కొసన, కొత్త సరిహద్దుకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటారు. ఎంత న్యాయంగా గీసినా వాళ్లను హంగరీతో కలిపే గీత లేదు. ఒరాడియా పట్టీని మాత్రం ఇంకోలా గీయడానికి వీలుండేది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి ‘అంతా అన్యాయం’ అనడం, ‘అంతా సహజం’ అనడం రెండూ మ్యాపు సరిగ్గా చూడకపోవడమే.

టెషెన్ కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. ఓల్జా నది ఒడ్డున ఉన్న ఈ పట్నం పోలండ్, చెకొస్లొవేకియాల మధ్య తగాదా. 1910 వాడుక భాష లెక్కలో ఆ ప్రాంతంలో పోలిష్ వాళ్లు సుమారు 55 శాతం, చెక్‌లు 27, జర్మన్లు 18. కానీ అక్కడ కర్వినా బొగ్గు గనులున్నాయి. చెక్ ప్రాంతాలను స్లొవేకియాతో కలిపే ప్రధాన రైలు మార్గం కోషిత్సె-బోహుమీన్ లైను కూడా పట్నం గుండానే పోతుంది. 1919 జనవరిలో ఇరు సైన్యాలు వారం రోజులు తలపడ్డాయి. ప్రజాభిప్రాయ సేకరణ అనుకున్నారు గానీ గొడవల వల్ల జరగలేదు. చివరికి 1920 జులై 28న విజేత దేశాల రాయబారులు నదినే హద్దుగా తేల్చేశారు. కోట, పాత బజారు పోలండ్‌కు పోయాయి. రైల్వే స్టేషన్, గనులు చెకొస్లొవేకియాకు దక్కాయి.

ఆ పట్నంలో 1911 నుంచి ఒక ట్రామ్ నడిచేది. స్టేషన్ దగ్గర బయలుదేరి వంతెన దాటి పాత బజారుకు చేరేది, రెండు కిలోమీటర్లు కూడా లేని మార్గం. విభజన తర్వాత వంతెన అంతర్జాతీయ సరిహద్దు అయింది. 1921లో ట్రామ్ ఆగిపోయింది. అలా స్టేషన్ లేని పట్నం ఒకటి, పాత బజారు లేని పట్నం ఒకటి మిగిలాయి. ఇప్పటికీ అవి రెండు పేర్లతో, రెండు దేశాల్లో ఉన్నాయి: చెషిన్, చెస్కీ తెషీన్.

పెన్సిల్ గీత మందం

1:10,00,000 స్కేలు మ్యాపు మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద కిలోమీటరు. పెద్దల సమావేశంలో ఆ మందంతో గీసిన గీత కింద ఒక ఊరు, దాని పొలాలు, శ్మశానం అన్నీ ఉండిపోవచ్చు. అందుకే ఒప్పందాల్లో చాలాచోట్ల ఫలానా ఊరికి తూర్పున, ఫలానా ఊరికి పడమర ‘నేల మీద నిర్ణయించాల్సిన గీత’ అని మాత్రమే రాసి వదిలేశారు. తర్వాత సరిహద్దు కమిషన్లు ఊరూరా తిరిగి రాళ్లు పాతాయి. ఈ పనిలో వాడినవి చాలావరకు పాత సామ్రాజ్య సైన్యం 1:75,000 స్కేల్లో సర్వే చేసిన షీట్లే. సామ్రాజ్యం పోయినా దాని మ్యాపులే దాన్ని పంచాయి.

ఓటు వేయించిన చోట ఏం తేలింది?

కొన్ని చోట్ల జనాన్నే అడిగారు. ఆ ఫలితాలు భాషా పటాలను గట్టి దెబ్బ తీశాయి. ఆస్ట్రియా, కొత్త యుగోస్లావ్ రాజ్యం రెండూ తమదన్న కారింథియా దక్షిణ మండలంలో 1920 అక్టోబర్‌లో ఓటింగ్ జరిగింది. అక్కడ జనాభాలో అధికులు స్లొవీన్ మాట్లాడేవారు, అయినా 59 శాతం ఆస్ట్రియావైపే ఓటు వేశారు. సంతలు, బజారు, ఆదాయం కొండలకు ఉత్తరాన ఉన్న క్లాగెన్‌ఫుర్ట్‌తో ముడిపడి ఉండటం ఒక ప్రధాన కారణం. ఆస్ట్రియా, హంగరీల మధ్య తగాదాలో ఉన్న షోప్రోన్ పట్నంలో జర్మన్ మాట్లాడేవారే ఎక్కువ, అయినా 1921 డిసెంబర్ ఓటింగ్‌లో పట్నమూ పరిసర గ్రామాలూ కలిసి 65 శాతం ఓట్లతో హంగరీలో ఉండిపోయాయి. తూర్పు ప్రష్యాలోని మజూరియాలో పోలిష్ యాసలు మాట్లాడే ప్రొటెస్టెంట్లు దాదాపు అందరూ జర్మనీని ఎంచుకున్నారు. భాష తెలిస్తే మనసు తెలిసినట్టే అన్న పారిస్ నిపుణుల నమ్మకం ఈ మూడు చోట్లా తప్పింది.

ఓటింగ్‌లోనూ యూనిట్ సమస్య ఉంది. డెన్మార్క్, జర్మనీల మధ్య ష్లెస్విగ్‌లో 1920లో రెండు మండలాలుగా ఓటు వేయించారు. ఉత్తర మండలాన్ని మొత్తం ఒకే ముద్దగా లెక్కించారు. సుమారు 75 శాతం డెన్మార్క్ అన్నారు, మండలం అంతా డెన్మార్క్‌కు పోయింది. అందులో జర్మనీకి మెజారిటీ వచ్చిన టొండర్ లాంటి పట్నాలూ పోయాయి. దక్షిణ మండలంలో ఊళ్లవారీగా లెక్కించినా 80 శాతం జర్మనీవైపే ఉండటంతో మార్పు రాలేదు. మొదటి మండలంలోనూ ఊరినే యూనిట్‌గా తీసుకుంటే గీత వంకరగా పోయేది. ఎగువ సిలీషియాలో 1921 మార్చిలో దాదాపు 60 శాతం జర్మనీకి, 40 శాతం పోలండ్‌కు ఓటు వేశారు. అక్కడ ప్రాంతాన్ని విడగొట్టారు. గనులు, కార్ఖానాల పట్టీ మధ్యలోంచి సరిహద్దు పోయింది.

ఈ యూనిట్ గొడవ తెలుగువారికి కొత్త కాదు. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల హద్దు తేల్చిన పటాస్కర్ సూత్రం గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని, భాషా మెజారిటీతో పాటు భూభాగం కలిసి ఉండటాన్ని చూసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, ఇటూ కొన్ని గ్రామాలు వచ్చాయి. తాలూకానో జిల్లానో యూనిట్ అయితే ఫలితం వేరుగా ఉండేది. తేడా ఏమిటంటే అది ఒకే దేశంలోని రెండు రాష్ట్రాల మధ్య హద్దు. బంధువుల ఇంటికి వెళ్లడానికి ఎవరికీ పాస్‌పోర్టు అవసరం రాలేదు.

నేల మీదకు రాని సరిహద్దులు

1920-22 మధ్య అచ్చయిన మ్యాపుల్లో ఒక విచిత్రం తరచూ ఎదురవుతుంది. స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) గ్రీసు పాలనలో, తూర్పున పెద్ద ఆర్మేనియా, మధ్యలో కుదించుకుపోయిన టర్కీ. ఇది 1920 ఆగస్టు 10న సంతకమైన సెవ్ర్ ఒప్పందపు పటం. ఆర్మేనియా హద్దును విల్సన్ అదే ఏడాది నవంబర్‌లో తేల్చారు కూడా. టర్కీ నాయకుడు ముస్తఫా కెమాల్ సైన్యాల గెలుపుతో ఆ ఒప్పందం అమలు కాలేదు. 1923 జులైలో లోజాన్ ఒప్పందం దాని స్థానంలోకి వచ్చింది. సంతకం కాగానే కొత్త అట్లాస్ తేవాలన్న పోటీలో అచ్చువేసిన ఆ పటాలు ఎన్నడూ లేని దేశాన్ని చూపిస్తున్నాయి. చూసేవాడికి ఆ సంగతి మ్యాపులో ఎక్కడా చెప్పరు.

కర్జన్ గీతది దీనికి వ్యతిరేకమైన కథ. పోలండ్ తూర్పు హద్దుగా విజేతల కౌన్సిల్ 1919 డిసెంబర్‌లో ఒక గీత సూచించింది. 1920 జులైలో బ్రిటన్ విదేశాంగ మంత్రి లార్డ్ కర్జన్ దాన్ని సోవియట్ ప్రభుత్వానికి పంపిన సందేశంలో పెట్టారు. మనకు 1905 బెంగాల్ విభజనతో గుర్తున్న వైస్రాయి ఆయనే. పోలండ్ యుద్ధంలో నిలదొక్కుకుంది, 1921 రీగా ఒప్పందంలో సరిహద్దు ఎంతో తూర్పుకు వెళ్లింది. కర్జన్ గీత ఫైళ్లలోకి పోయింది. 1943లో టెహ్రాన్‌లో స్టాలిన్ దాన్నే బయటికి తీయించారు. ల్వూవ్ నగరం గీతకు ఎటువైపు ఉందన్న దానిపై బ్రిటిష్, సోవియట్ మంత్రులు వాదించుకుంటే, సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ 1920 నాటి సందేశాన్నే చూపించారు. 1945 తర్వాత పోలండ్ తూర్పు సరిహద్దు ఇంచుమించు ఆ గీత మీదే నిలిచింది. ల్వూవ్ ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ల్వీవ్.

పాత మ్యాపు ఏ ఏడాదిదో తేల్చడం

పాత అట్లాసుల్లో చాలావాటికి అచ్చు సంవత్సరం ఉండదు. తేదీ వేస్తే సరుకు పాతబడినట్టు కనిపిస్తుందని ప్రచురణకర్తలు దాన్ని వదిలేసేవారు. పేర్లే ఆధారం. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పెట్రోగ్రాడ్ అని ఉంటే 1914కు తర్వాత, 1924కు ముందు. క్రిస్టియానియా ఉంటే 1925కు ముందు, ఓస్లో ఉంటే తర్వాత. ‘సెర్బులు, క్రొయాట్లు, స్లొవీన్ల రాజ్యం’ అని పొడవుగా రాసి ఉంటే 1929 లోపు, ఆ ఏడాది నుంచి యుగోస్లావియా. ఫియుమె (ఇప్పుడు క్రొయేషియాలోని రియెకా రేవు పట్నం) స్వతంత్ర రాజ్యంగా విడి రంగులో ఉంటే 1920-24 మధ్య అచ్చయిన పటం, ఆ వ్యవధి చిన్నది కాబట్టి ఇది బలమైన గుర్తు. డాన్జిగ్ స్వతంత్ర నగరం 1920 నుంచి 1939 దాకా ఉంటుంది. పర్షియా 1935లో ఇరాన్ అయింది.

అయితే ఒక్క పేరు చూసి తేల్చేస్తే పొరపాటు పడతారు. అచ్చు పలకల మీద చెక్కిన పేర్లు, రోడ్లు మార్చడం ఖర్చు. దేశాల రంగులు వేసే పలక మార్చడం తేలిక. అందువల్ల రంగు 1922 నాటిది, అడుగున పేర్లు 1912 నాటివి అయిన షీట్లు బోలెడు దొరుకుతాయి. అన్ని గుర్తుల్లోకీ ఆఖరుగా వచ్చిన మార్పే అచ్చు కాలాన్ని చెబుతుంది. తర్వాత భాష చూడాలి. ఒకే నగరాన్ని ప్రెస్‌బుర్గ్ అని రాసింది జర్మన్, పొజోన్ అని రాసింది హంగేరియన్, బ్రాటిస్లావా అని రాసింది 1919 తర్వాతి చెకొస్లొవేకియా. ఆ మ్యాపు ఎవరి కోసం తయారైందో అక్కడే తెలిసిపోతుంది.

గీత తర్వాతి వందేళ్లు

హంగరీలో రెండు యుద్ధాల మధ్య ముక్కలైన దేశపు పటం పోస్టర్లమీద, బడి గోడలమీద వేలాడింది. ‘కాదు, కాదు, ఎన్నటికీ!’ అన్నది దాని కింది నినాదం. ఓటమిని ప్రజలకు రోజూ గుర్తుచేయడానికి అంతకంటే తేలికైన సాధనం లేదు, అది రాజకీయాన్ని హిట్లర్‌వైపు తోసింది కూడా. 1938, 1940లలో జర్మనీ, ఇటలీల మధ్యవర్తిత్వంతో వియన్నాలో రెండు తీర్పులు వచ్చి స్లొవేకియా దక్షిణ పట్టీ, ట్రాన్సిల్వేనియా ఉత్తర భాగం హంగరీకి తిరిగొచ్చాయి. రెండో గీత కింద పది లక్షలకు పైగా రొమేనియన్లు హంగరీలో పడ్డారు. సమస్య తిరగబడింది తప్ప తీరలేదు. ఆ రుణానికి వడ్డీ పెద్దది. 1941 ఏప్రిల్‌లో యుగోస్లావియా మీద దాడికి జర్మన్ సైన్యం హంగరీ గుండా వెళ్లినప్పుడు, కొద్ది నెలల ముందే ఆ దేశంతో స్నేహ ఒప్పందం చేసుకున్న ప్రధాని తెలెకి ఆత్మహత్య చేసుకున్నారు. ఎర్ర మ్యాపు వేసిన మనిషి ఆయనే. 1947 పారిస్ ఒప్పందం 1920 గీతలను దాదాపు యథాతథంగా తిరిగి నిలబెట్టింది.

ఆ తర్వాత గీత కదల్లేదు, దాని పనే మారుతూ వచ్చింది. హంగరీ, స్లొవేకియా, పోలండ్, చెక్ దేశాలు 2007 డిసెంబర్‌లో షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమిలో, చేరడంతో వాటి మధ్య తనిఖీలు పోయాయి. చెషిన్, చెస్కీ తెషీన్‌ల మధ్య వంతెన మీద జనం మళ్లీ ఆగకుండా నడుస్తున్నారు. హంగరీ 2010లో చట్టం మార్చి బయటి హంగేరియన్లకు తేలిగ్గా పౌరసత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలోనే పది లక్షల మందికి పైగా తీసుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది రొమేనియా వాసులు. వాళ్లకు హంగరీ ఎన్నికల్లో ఓటు ఉంది. నేల మీద గీతను ముట్టుకోకుండా ఓటర్ల జాబితాను దాని అవతలికి చాచడం ఇది. దీన్ని రొమేనియా పెద్దగా పట్టించుకోలేదు. స్లొవేకియా మాత్రం వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే తమ పౌరసత్వం పోతుందని అదే ఏడాది చట్టం తెచ్చింది. 2025 జనవరి 1న రొమేనియా భూసరిహద్దుల మీద కూడా షెంగెన్ తనిఖీలు ఎత్తేశారు. ఒరాడియా నుంచి హంగరీకి ఇప్పుడు పాస్‌పోర్టు చూపకుండా వెళ్లవచ్చు. ఉక్రెయిన్, సెర్బియా వైపు ఉన్న ట్రియానాన్ గీత మీద తనిఖీలు కొనసాగుతున్నాయి. మఫ్లర్ మీద గట్టిగా మాట్లాడిన ఉక్రెయిన్‌కు, యుద్ధంలో ఉన్న దేశంగా, ఆ గీత ఇంకా పాత అర్థంలోనే సరిహద్దు.